సాహసమను మాటకు శాస్త్రార్థము



ఒకనాడు తాండూరులో ఉపన్యాసము ముగిసిన పిదప ఒక యువకుడు నిలిచి, "అయ్యగారూ, సాహసము వీరగుణము కదా! ధర్మశాస్త్రము దానిని నేరములలో ఏల చేర్చినది?" అని అడిగెను.

"సహస్" అనగా బలము. వేదమునందు అగ్నిని బలపుత్రుడని కీర్తించుట ఈ శబ్దముతోనే. బలగర్వముచే చేయు దుష్కార్యము సాహసమని నారదస్మృతి. మనువు మరింత సూక్ష్మముగా విడదీసెను. సొత్తుగలవాని ఎదుటనే బలాత్కారముగా లాగుకొన్నచో సాహసము. అతడు లేని వేళ తీసికొన్నచో స్తేయము. పుచ్చుకొని, పుచ్చుకొనలేదని బొంకినను స్తేయమే! గోడకు కన్నము వేసినవాడే దొంగ అనుకొనువారు ఈ మాటను గమనింపవలెను. జరిమానాలకు సైతము ఈ పేరే నిలిచినది: ప్రథమసాహసము 250 పణములు, మధ్యమము 500, ఉత్తమము 1000.

యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు మనకు దూరపువాడు కాడు. తాండూరునకు వాయవ్యమున, బీదరునకు ఆవల నున్న కల్యాణపురమే ఆయన స్థానము. చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలము. 13వ శతాబ్దమున కేతన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

నిజాము కాలపు కచేరీలలో మాట మారినది, భేదము మారలేదు. దొంగతనము "సర్ఖా", బలముతో చేసినది "సర్ఖా బిల్ జబర్". వికారాబాదు వృద్ధుల నోట ఈ మాటలు నేను బాల్యమున విన్నవే. 1860 నాటి శిక్షాస్మృతియందు 378, 390 సెక్షన్లు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితయందు 303, 309. ఒకటి దొంగతనము, రెండవది దోపిడి.

యువకుడు కూర్చుండలేదు. "ఉమ్మడి సొత్తయినచో?" అనెను. ఉమ్మడి ద్రవ్యమును ఒక్కడే తన యిచ్చకు వాడుకొనరాదు గనుక, దానిని బలిమితో తీసికొనుటయు సాహసమే అని మితాక్షర. దండము వెలకు రెండు రెట్లు. చేసి, చేయలేదన్నచో నాలుగు రెట్లు.

తమ్ముడు వలదన్నను ఉమ్మడి చేని కందులను తానే బజారున అమ్మెనట. ఊరివారు సాహసివని మెచ్చిరట. కొంతసేపు తలవంచుకొని, "తమ్ముడు ఇంకను లెక్క అడుగలేదు, నేను లేదనలేదు" అనెను.

"అయినచో రేపే లెక్క చెప్పుము, నాయనా" అంటిని.