పల్లె లేని జిల్లా

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాకలో ఆదాయ ధ్రువపత్రం కావాలంటే మీసేవలో దరఖాస్తు పెట్టుకోవాలి, సంతకం తహసీల్దారుది. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌కైతే బల్దియా, అంటే నగర పాలక సంస్థ. గౌలిపుర, ఉప్పుగూడ, లాల్‌దర్వాజ గల్లీల్లో పెరిగినవాళ్లకు ఇది అలవాటైపోయింది. పల్లెన్నదే మిగలని చోట మండలమేమిటి, తహసీల్దారేమిటి అని ఎవరూ అడగరు. అడగాల్సిన ప్రశ్నే అది.

నిజాం కాలంలో నగరాన్ని చుట్టి అత్రాఫ్-ఎ-బల్దా అనే జిల్లా ఉండేది. అచ్చంగా పల్లెల జిల్లా. దాని రాబడి దివానీ (ప్రభుత్వ) ఖజానాకు పోయేది కాదు, నిజాం సొంత ఎస్టేటు సర్ఫ్-ఎ-ఖాస్‌కు జమయ్యేది. మేడ్చల్, షాబాద్‌తో పాటు అంబర్‌పేట, ఆసిఫ్‌నగర్ కూడా అందులో తాలూకాలే! 1901 జనగణనలో హైదరాబాద్ నగర జనాభా 4,48,466. నగరం దాటగానే పొలాలు, చెరువులు, పటేల్ పట్వారీల రాజ్యం.

1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది. నగరమూ చుట్టుపక్కల పల్లెలూ ఒకే హైదరాబాద్ జిల్లా అయ్యాయి. 1978 ఆగస్టు 15న మళ్లీ విడిపోయాయి. పల్లెలు రంగారెడ్డి జిల్లాకు వెళ్లాయి, నగరం హైదరాబాద్ జిల్లాగా మిగిలింది. విచిత్రమేమంటే రంగారెడ్డి కలెక్టరేట్ మాత్రం లక్డీకాపూల్‌లోనే ఉండిపోయింది. ఇబ్రహీంపట్నం రైతు పహాణీ గొడవ తేల్చుకోవడానికి పక్క జిల్లా నడిబొడ్డుకు రావాల్సి వచ్చేది. ఆ కార్యాలయం కొంగరకలాన్‌కు చేరింది 2022లో!

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. హైదరాబాద్ జిల్లాలో ఇప్పుడు అవి 16. పాతబస్తీ వైపు చార్మినార్, బండ్లగూడ, బహదూర్‌పురా, సైదాబాద్.

2011 జనగణన ప్రకారం ఈ జిల్లాలో 217 చదరపు కిలోమీటర్లలో 39,43,323 మంది. చదరపు కిలోమీటరుకు 18 వేల పైమాటే. అయినా అంతకుముందు పదేళ్లలో పెరిగింది మూడు శాతమే. రంగారెడ్డి జిల్లా అదే కాలంలో దాదాపు 36 లక్షల నుంచి 53 లక్షలకు పోయింది. ఇక్కడ ఇల్లు కట్టుకునే జాగా లేక జనం హద్దు దాటారు. పాతబస్తీలో ఒకే ఇంటి మీద అంతస్తు మీద అంతస్తు లేవడం కూడా ఆ లెక్కలో భాగమే.

ఇంతమంది తరఫున అడిగేవాళ్లెవరో తేల్చడానికి ఒక పోలిక. ఆస్ట్రియా ఆల్ప్స్ కొండల్లో టామ్స్‌వెగ్ అనే జిల్లా ఉంది. దాని జనాభా సుమారు 20 వేలు, అంతమందికే 15 పురపాలికలు, ఒక్కోదానికి ఎన్నికైన మేయరు. మన జిల్లాకు జిల్లా పరిషత్తే లేదు, గ్రామీణ ప్రాంతం లేదు కనుక. ఛత్రినాక వాసి కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను ఎన్నుకుంటాడు. పల్లెల్లో మాత్రం ఎమ్మెల్యేకు తోడు పరిషత్ సర్వసభ్య సమావేశాల్లో అధికారులను నిలదీసే జడ్పీటీసీ, ఎంపీటీసీ ఉంటారు. ఇరవై వేల మందికి 15 పురపాలికలు భారం కానప్పుడు, నలభై లక్షల మందికి కలెక్టరేట్‌ను ప్రశ్నించే ఒక్క ఎన్నికైన జిల్లా సభ ఉండాలనడం గొంతెమ్మ కోరికేమీ కాదు.