దొంగ బీరు... డ్యూక్ బాణీ

వేదిక మీద ట్యాప్ డాన్సరు బూట్లు టకటకలాడుతుంటాయి. ఊళ్లో మరోచోట ఒక గ్యాంగ్‌స్టర్ మీద తూటాలు కురుస్తుంటాయి. తెర మీద ఈ రెండూ మార్చి మార్చి కనిపిస్తుంటే కాసేపటికి ఏది అడుగుల చప్పుడో, ఏది తుపాకుల మోతో తెలియదు. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1984లో తీసిన ‘ద కాటన్ క్లబ్’ పతాక సన్నివేశమిది. ఆడేది గ్రెగరీ హైన్స్ పాత్ర, కూలేది డచ్ షుల్ట్జ్. ఈ షుల్ట్జ్ కల్పిత పాత్ర కాదు. 1935 అక్టోబరు 23న న్యూజెర్సీ రాష్ట్రం నూవార్క్‌లోని ఒక రెస్టారెంట్లో ప్రత్యర్థులు అతణ్ని కాల్చారు. మర్నాడు ప్రాణం పోయింది.

క్లబ్బు కూడా కల్పితం కాదు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, లెనాక్స్ అవెన్యూ 142వ వీధిని కలిసే మూల మీద ఉండేది. నల్లజాతి బాక్సింగ్ వీరుడు జాక్ జాన్సన్ అక్కడ 1920లో ‘క్లబ్ డీలక్స్’ తెరిచాడు. అదే ఏడాది జనవరిలో అమెరికా అంతటా మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. మందు మానలేని జనానికి దొంగచాటుగా పోసేవాళ్లే దొరలయ్యారు. అలాంటి ఓనీ మాడెన్ 1923లో, ఇంకా జైల్లో ఉండగానే, ఆ క్లబ్బును చేజిక్కించుకుని కాటన్ క్లబ్ అని పేరు మార్చాడు. తన బీరు అమ్ముకోవడానికి అతనికి ఒక వేదిక కావాలి, జనాన్ని రప్పించడానికి పాట కావాలి.

లోపల అలంకరణ దక్షిణాది పత్తి తోటలను తలపించేది. పాడేవాళ్లు, ఆడేవాళ్లు, వడ్డించేవాళ్లు నల్లవాళ్లు. బల్లల ముందు కూర్చునేవాళ్లు తెల్లవాళ్లు. హార్లెమ్ నడిబొడ్డున ఉన్నా హార్లెమ్ వాసులకు అందులో ప్రవేశం లేదు.

1927లో కొత్త బ్యాండ్ కోసం వెతుకుతున్నప్పుడు మొదటి పిలుపు కింగ్ ఆలివర్‌కు వెళ్లింది. జీతం దగ్గర బేరం కుదరలేదు. ఆ చోటు డ్యూక్ ఎల్లింగ్టన్‌కు దక్కింది. డిసెంబరు 4న మొదలైన అతని కొలువు 1931 దాకా సాగింది.

రాత్రికి రాత్రి రకరకాల నాట్యాలకు, తెర లేచే ఘట్టాలకు, గాయనీమణులకు బాణీలు కట్టాల్సి రావడంతో ఎల్లింగ్టన్ స్వరరచనలో రాటుదేలాడు. ట్రంపెట్ వాయించే బబ్బర్ మైలీ, ట్రోంబోన్ వాయించే ట్రికీ శామ్ నాంటన్ తమ వాద్యాల మూతికి సింకు గొట్టం శుభ్రం చేసే రబ్బరు కప్పును అడ్డంపెట్టి, మూస్తూ తెరుస్తూ గుర్రుమనిపించేవారు. వాద్యం మనిషిలా గొణిగేది, ఏడ్చేది, వెక్కిరించేది. ‘అడవి బిడ్డల సంగీతం’ వినడానికి వచ్చామనుకున్న తెల్లదొరలకు అదే వినోదం. ‘ద మూచ్’, ‘క్రియోల్ లవ్ కాల్’, ‘మూడ్ ఇండిగో’ వంటివి ఆ కాలం నాటివే. క్లబ్బు లోపలికి రానివ్వని జనానికి కూడా రేడియో ప్రసారాలు ఆ బాణీలను మోసుకెళ్లాయి. ఎల్లింగ్టన్ తర్వాత క్యాబ్ కాలవే వచ్చి ‘మినీ ద మూచర్’తో ఊపేశాడు.

అర్ధశతాబ్దం తర్వాత సినిమాకు ఈ సంగీతం కావలసి వచ్చినప్పుడు పాత రికార్డులను నేరుగా వాడలేరు. మూడేసి నిమిషాల ఆ గ్రామఫోను పళ్లాల్లో గరగరలే ఎక్కువ. జేమ్స్ బాండ్ చిత్రాల సంగీతంతో పేరుపొందిన జాన్ బారీ నేపథ్య సంగీతం అందించాడు. ఎల్లింగ్టన్ బాణీలను తిరిగి వాయించే పని బాబ్ విల్బర్‌కు అప్పగించారు. విల్బర్ క్లారినెట్, సోప్రానో సాక్సోఫోన్ విద్వాంసుడు. కుర్రతనంలో సిడ్నీ బెషే శిష్యుడు. పాత రికార్డులు విని, ఏ వాద్యం ఎక్కడ ఏ స్వరం పలికిందో కాగితం మీద పెట్టి, కొత్త బ్యాండుతో వాయించాడు. స్వరాలు రాసుకోవచ్చు గానీ మైలీ గుర్రును రాయడం ఎలా? అది వాయించేవాడి గొంతూ చేతివాటమూ కలిసి పుట్టాలి. ఆ కష్టం వృథా కాలేదు. 1986లో బిగ్ బ్యాండ్ జాజ్ విభాగంలో బారీకి, విల్బర్‌కు ఈ ఆల్బమ్ గ్రామీ తెచ్చిపెట్టింది. కథానాయకుడు డిక్సీగా నటించిన రిచర్డ్ గేర్ సైతం కార్నెట్ స్వయంగా వాయించాడు.

సినిమా మాత్రం చతికిలబడింది. దాదాపు 5.8 కోట్ల డాలర్లు ఖర్చయితే వసూళ్లు అందులో సగానికి అటూఇటూగా నిలిచాయి. నల్లజాతి కళాకారుల కథ ఎక్కువైందంటూ నిర్మాణ వర్గాలు ఒత్తిడి తేవడంతో హైన్స్ అన్నదమ్ముల ఘట్టాలు, పాటలు, నాట్యాలు చాలావరకు కత్తెరకు బలయ్యాయి. నిజమైన క్లబ్బులో వేదికైనా దక్కిన కళాకారులకు సినిమాలో ఆ చోటూ కుదించుకుపోయింది. సౌండ్‌ట్రాక్ విన్నవాళ్లకు కథ వేరేలా వినిపించింది. అందులో తుపాకులు పట్టినవాళ్లు పక్కన నిలబడితే, బాజాలు పట్టినవాళ్లు ముందుకొచ్చారు.

కొప్పోలా ఆ లోటును మరచిపోలేదు. పాత వీడియో టేపులో దొరికిన నిడివైన ప్రతిని ఆధారం చేసుకుని, సొంత జేబులోంచి దాదాపు 5 లక్షల డాలర్లు పెట్టి, ‘ద కాటన్ క్లబ్ ఎన్‌కోర్’ పేరుతో మళ్లీ కూర్చాడు. 2019లో అది థియేటర్లకు వచ్చింది. హైన్స్ అన్నదమ్ముల సన్నివేశాలు పెరిగాయి. గాయని లైలా రోజ్ పాత్ర వేసిన లోనెట్ మెకీ పాడిన ‘స్టార్మీ వెదర్’ కూడా తెరకెక్కింది. హెరాల్డ్ ఆర్లెన్, టెడ్ కోలర్ రాసిన ఈ పాటను 1933లో అసలు కాటన్ క్లబ్ వేదిక మీద ఎథెల్ వాటర్స్ పాడింది. అదే ఏడాది డిసెంబరు 5న మద్యనిషేధం రద్దయింది.