ఆ ప్రేమ ఉత్తదేనా అమ్మా?

మొన్న ఆదివారం మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకున్నాక, మా జహీరాబాద్ ఇంట్లో నేనూ మా అమ్మాయీ ‘అ!’ సినిమా చూశాం. 2018 ఫిబ్రవరిలో వచ్చిన ప్రశాంత్ వర్మ సినిమా. అందులో నిత్యా మీనన్, ఈషా రెబ్బా ప్రేమికులు. చివరికొచ్చేసరికి (కథ చెప్పేస్తున్నా, ఏమనుకోకండి) ఆ పాత్రలన్నీ కాజల్ వేసిన కలి అనే అమ్మాయి గాయపడిన మనసులోని రూపాలని తేలుతుంది.

"అట్లయితే వాళ్ల ప్రేమ ఉత్తదేనా అమ్మా?" అంది మా పిల్ల. నాకు వెంటనే జవాబు తోచలేదు.

నాకు ‘ఫైర్’ గుర్తొచ్చింది. దీపా మెహతా 1996లో తీశారు. మన హైదరాబాద్‌లో పుట్టిన షబానా ఆజ్మీ, నందితా దాస్ తోడికోడళ్లు. ఒకే వంటింట్లో మెసలుతూ, ఒకరి అలసట ఒకరు కనిపెట్టుకుంటూ దగ్గరవుతారు. పిక్నిక్‌లో అందరి ముందే ఒకరి పాదాలు ఒకరు ఒత్తే సన్నివేశం చాలు, కెమిస్ట్రీ అంటే ఏమిటో తెలియడానికి. 1998లో మన దేశంలో విడుదలైతే ముంబై, ఢిల్లీ హాళ్ల మీద దాడులు చేశారు. మళ్లీ సెన్సారుకు పంపితే, 1999లో ఒక్క కోత లేకుండా బయటికొచ్చింది.

అయినా నాకో చిన్న పేచీ ఉంది. ఆ ఇంట్లో ఒక భర్త స్వామీజీ మాట విని భార్యను దూరం పెడతాడు, ఇంకొకడికి వేరే మనిషి ఉంది. మొగుడు సరిగ్గా ఉంటే ఆడవాళ్లు ఇలా ప్రేమించుకోరు అనే మాటకు అక్కడ చోటు దొరికింది. ఒకచోట మొగుడి నిర్లక్ష్యం, ఇంకోచోట మనసుకు తగిలిన గాయం. ఈ ప్రేమకే ఎందుకు ఏదో ఒక కారణం చెప్పాలి?

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇది నేరం కాదంది. 2022లో రెండు దారులు కనిపించాయి. రామ్‌గోపాల్ వర్మ ‘మా ఇష్టం’ను తొలి లెస్బియన్ క్రైమ్ యాక్షన్ అంటూ ప్రచారం చేశారు. కొన్ని మల్టీప్లెక్సులు వేయమన్నాయి. ఆపడం నాకు నచ్చలేదు. కానీ ఆ పోస్టర్లు చూస్తే అవి మనకోసం వేసినవి కావనిపించింది, మగవాళ్ల కళ్ల కోసమే. అదే ఏడాది హిందీ ‘బధాయీ దో’లో భూమి పెడ్నేకర్ పీటీ టీచర్, చుమ్ దరంగ్ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి. నవ్వుకుంటారు, అలుగుతారు, ఇంటివాళ్లకు ఎలా చెప్పాలా అని భయపడతారు. మనలాగే ఉన్నారు కాబట్టే వాళ్ల జంట పండింది.

రాత్రి అన్నాలయ్యాక మా పిల్లకు చెప్పాను: "ఉత్తది కాదు బిడ్డా. సినిమావాళ్లకే దాన్ని మామూలుగా చూపించడం ఇంకా అలవాటు కాలేదు."

"ఊఁ" అంది. నన్ను ఆనుకుని కాసేపు అట్లనే కూర్చుంది.

పిల్ల అడిగింది సినిమా గురించే కావచ్చు. కాకపోయినా నా జవాబు అదే.