రహీం సాబ్ నౌకరీ ఏమిటి?

నేను ఏ పత్రికలోనూ పక్కా నౌకరీలో లేను. రాసినదానికి లెక్కకట్టి ఇస్తే తీసుకుంటాను. ఆదివారం పేజీకి షాయిరీ, స్పోర్ట్స్ పేజీకి ఫుట్‌బాల్, చదువుల పేజీకి తాలీమ్. మూడు డెస్కులు, మూడు బిల్లులు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చినప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మీద ఒక వ్యాసం పంపాను. ఆయన బళ్లో చదువు చెప్పిన పేరా మొత్తం కోసేశారు. "అది ఎడ్యుకేషన్ పేజీ మేటర్ కదా భాయ్" అన్నాడు డెస్కులో ఉన్నాయన.

నాకు మాత్రం ఆ పేరాలోనే అసలు ఖిస్సా ఉందనిపిస్తుంది.

1909లో పుట్టిన రహీం సాబ్ కోచ్ కాకముందు స్కూలు ఉస్తాద్. బీఏ చదివింది ఉస్మానియాలో. సైన్సు, తారీఖ్, ఫల్‌సఫా అన్నీ ఉర్దూలోనే చెప్పాలని 1917లో నిజాం ఫర్మాన్‌తో మొదలైన జామియా అది. కితాబులు లేకపోతే దారుల్ తర్జుమా పెట్టి తయారు చేయించారు. జోష్ మలీహాబాదీ అంతటి షాయర్ కూడా అక్కడ కొన్నేళ్లు పనిచేశారు. రహీం సాబ్ కంటే ఒక్క ఏడాది పెద్ద మఖ్దూం మొహియుద్దీన్ గారు. మెదక్ వైపు అందోల్ నుంచి వచ్చి, అదే ఉస్మానియాలో ఎంఏ చేసి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు. తర్వాత ఆ నౌకరీ వదిలి మజ్దూర్ల మధ్యకు వెళ్లారు. ఒకరిని షాయిరీ పేజీలో, ఇంకొకరిని స్పోర్ట్స్ పేజీలో పెట్టేశాం. ఇద్దరూ ఒకే తాలీమ్‌లోంచి వచ్చారన్న సంగతికి మాత్రం ఏ పేజీలోనూ జాగా దొరకలేదు.

రహీం సాబ్ ఆట నేర్పిన తరీఖా చూడండి. పిల్లలకు ఒక టోర్నమెంటు పెట్టేవారు, అందులో డ్రిబ్లింగ్ మనా. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలి. రాని లెక్కనే మళ్లీ మళ్లీ చేయించే మాస్టారు గుర్తొస్తారా లేదా? సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాంకు ప్రాక్టీసుకు రావడానికి పైసల్లేకపోతే సైకిల్ కిరాయి తన జేబులోంచి ఇచ్చారు. అది కోచింగ్ కితాబుల్లో ఉండే పాఠం కాదు.

ఫలితాలు అందరికీ తెలిసినవే. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ బంగారం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తా ఫైనల్. స్టేడియమంతా మనవాళ్లను గేలి చేస్తోంది. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ముందు వరసలో ఆడించారు. అతనే ఒక గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, కేన్సర్‌తో రహీం సాబ్ ఇంతెకాల్ అయ్యారు.

నేను చదివిన ఉర్దూ మీడియం బడికి ఓ చిన్న మైదాన్ ఉండేది. ఇప్పుడక్కడ స్కూటర్లు నిలబెడుతున్నారు. డిగ్రీ తెలుగులో చేశాను కాబట్టి ఈ ముచ్చట తెలుగులో రాయగలుగుతున్నాను, అల్‌హందులిల్లాహ్. కోసేసిన పేరాను మొన్న చదువుల పేజీకి పంపాను. "ఇది స్పోర్ట్స్ కదా" అని జవాబొచ్చింది.

మీ ఖాందాన్‌లో రహీం సాబ్ దగ్గర బళ్లో చదువుకున్న దాదాజాన్, నానాజాన్ ఎవరైనా ఉంటే కబురు చేయండి. గ్రౌండు సంగతులు నా దగ్గర చాలానే ఉన్నాయి. క్లాసురూములో ఆయన ఎలా ఉండేవారో వినాలని ఉంది.