తగ్గింపు ధరకు వచ్చే మెకానిక్ టూల్ సెట్: దాని నిజమైన విలువను కట్టడం ఎలా?

హోసూరు, బాగలూరు, బేరికె ప్రాంతాల్లో ప్రతి సంవత్సరమూ ఐ.టి.ఐ. చదువు ముగించుకొన్న యువకులు కొందరు స్వంతంగా మెకానిక్ షెడ్డు పెట్టుకోవాలని ఆశిస్తారు. షెడ్డుకు రేకులు, అద్దెకు అడ్వాన్సు సమకూరిన తరువాత వారి ముందు నిలిచే మొదటి పెద్ద ఖర్చు పనిముట్లు. సరిగ్గా ఆ సమయంలోనే సెల్‌ఫోన్ తెరపై ఒక ప్రకటన కనిపిస్తుంది: "108 ముక్కల టూల్ సెట్, అసలు ధర 11,999, నేడు మాత్రమే 4,199." ఈ బేరం నిజంగా బేరమేనా అని తేల్చుకొనే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

నా వద్ద చదువుకొన్న ఒక విద్యార్థి ఇటీవల ఇదే ప్రశ్నతో మా ఇంటికి వచ్చాడు. ద్విచక్ర వాహనాల మరమ్మతు షెడ్డు పెట్టదలచాడు. తల్లి చీటీ పాడి తెచ్చిన 6,000 రూపాయలు అతని పనిముట్ల పెట్టుబడి. "సార్, అరవై అయిదు శాతం తగ్గింపు. ఈ రాత్రితో అయిపోతుందట" అన్నాడు. మేమిద్దరం ఒక కాగితం తీసుకొని లెక్క వేశాము. ఆ లెక్కనే ఇక్కడ ఉదాహరణగా తీసుకొంటున్నాను.

మొదటి సూత్రం: తగ్గింపు శాతాన్ని మరచిపోవాలి

పెట్టెపై ముద్రించిన ఎం.ఆర్.పి. అనేది ఆ వస్తువును అంతకు మించి అమ్మరాదని చెప్పే గరిష్ఠ ధర మాత్రమే. అది వస్తువు తయారీ ఖర్చునుగాని, బజారులో నడిచే ధరనుగాని తెలుపదు. ఇటువంటి పనిముట్లపై ఎంత ఎం.ఆర్.పి. ముద్రించాలన్నది తయారీదారు లేదా దిగుమతిదారు నిర్ణయం. 4,000 రూపాయలకు అమ్మదలచిన పెట్టెపై 12,000 అని వేసి, 8,000 తగ్గించామని చెప్పుకోవడం సులభం. కనుక పోల్చవలసినది ఎం.ఆర్.పి.తో కాదు, అదే పనికి వచ్చే పనిముట్లు వేరే చోట నేడు ఏ ధరకు దొరుకుతున్నాయన్న దానితో. కనీసం మూడు చోట్ల విచారించాలి. హోసూరువారికి బెంగళూరు దూరం కాదు గనుక ఎస్.పి. రోడ్డు, జె.సి. రోడ్డు దుకాణాలను కూడ ఒకసారి అడిగి చూడవచ్చును.

"ఇంకా రెండే మిగిలాయి", "పది నిమిషాలే గడువు" అనే హెచ్చరికలకు తొందరపడనవసరం లేదు. ఇటువంటి కృత్రిమ తొందరను కల్పించడం కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం.

రెండవ సూత్రం: ముక్కలను కాదు, పనికివచ్చే ముక్కలను లెక్కించాలి

ప్రకటనలోని 108 ముక్కలను విడదీసి చూడగా లెక్క ఇలా తేలింది. అర అంగుళం డ్రైవ్ సాకెట్లు 18, పావు అంగుళం సాకెట్లు 13, పొడవు సాకెట్లు 9, రాట్చెట్లు 2, ఎక్స్‌టెన్షన్ రాడ్లు 4, యూనివర్సల్ జాయింట్లు 2, స్పార్క్ ప్లగ్ సాకెట్లు 2, టీ బార్లు 2, స్పిన్నర్ పిడి 1, అడాప్టర్లు 5, ఎలెన్ కీలు 4, స్క్రూ బిట్లు 46. అంటే 108లో దాదాపు సగం వేలెడంత కూడ లేని బిట్లే. సంఖ్యను పెంచడానికి వీటికన్న చవకైన మార్గం లేదు.

వీటిలో బైకు మెకానిక్ చేతికి తరచుగా వచ్చేవి ఎన్ని? మా లెక్కలో 36 తేలాయి. 4,199 రూపాయలను 108తో భాగిస్తే ముక్క ఒక్కింటికి సుమారు 39 రూపాయలు. 36తో భాగిస్తే సుమారు 117 రూపాయలు. ప్రకటన మొదటి అంకెను చూపుతుంది. కొనేవాడు రెండవ అంకెను చూడాలి.

ఇక లేనివాటిని చూడాలి. ఆ పెట్టెలో ఫిక్స్ స్పానర్లు లేవు, రింగు స్పానర్లు లేవు, కటింగ్ ప్లేయర్ లేదు, సుత్తి లేదు. ఇవి లేనిదే షెడ్డు ఒక్క రోజు కూడ నడువదు. కనుక 4,199 వెచ్చించిన తరువాత కూడ మరల బజారుకు పోక తప్పదు. చేతిలో మిగిలేదేమో 1,801 రూపాయలు.

మూడవ సూత్రం: నంబర్లు మన బండ్లకు సరిపోవాలి

మన సరిహద్దులో మెకానిక్ తెలుగు మాట్లాడినా, తమిళం మాట్లాడినా, కన్నడం మాట్లాడినా స్పానర్ పేరు దాని నంబరే. ఆ నంబరు బోల్టు తలకాయ వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపుతుంది. 6 మి.మీ. బోల్టుకు సాధారణంగా 10 నంబరు స్పానర్ పడుతుంది. 8 మి.మీ. బోల్టుకు జపాను పద్ధతి బండ్లలో 12, ఇతర బండ్లలో 13 పడుతుంది. 10 మి.మీ. బోల్టుకు జపాను పద్ధతిలో 14, ఇతర పద్ధతుల్లో 16 లేక 17 పడుతుంది. కనుక బైకు మెకానిక్‌కు 8, 10, 12, 13, 14, 17, 19 నంబర్లు తప్పనిసరి. పరదేశాల కోసం తయారైన కొన్ని పెట్టెల్లో 12 గాని 14 గాని ఉండదు. బదులుగా అంగుళాల కొలత సాకెట్లు డజను ఉంటాయి. నేటి మన ద్విచక్ర వాహనాలకు అవి దాదాపు అక్కరకు రావు. జాబితాలోని నంబర్లను ఒక్కొక్కటిగా చదువకుండ డబ్బు చెల్లించరాదు.

సాకెట్ వెనుకనుండే చదరపు రంధ్రం కొలతను డ్రైవ్ అంటారు. పావు అంగుళం (6.35 మి.మీ.) సున్నితమైన పనులకు, మూడెనిమిదుల అంగుళం (సుమారు 9.5 మి.మీ.) మధ్యరకం పనులకు, అర అంగుళం (12.7 మి.మీ.) చక్రాల నట్ల వంటి బలమైన బిగింపులకు అనువైనవి. రెండు డ్రైవ్‌ల పెట్టె అని చెప్పి అర అంగుళానికి రాట్చెట్ ఇవ్వకుండ అడాప్టర్ మాత్రమే ఇచ్చే పెట్టెలు ఉన్నాయి; ఆ సంగతి గమనించాలి.

నాలుగవ సూత్రం: మెరుపు వేరు, లోహం వేరు

పనిముట్లపై కనిపించే అద్దం వంటి మెరుపు నికెల్, క్రోమియం పూత. అది తుప్పును ఆపుతుందే కాని బలాన్ని ఇవ్వదు. బలమిచ్చేది లోపలి ఉక్కు. మంచి స్పానర్లను, సాకెట్లను క్రోమ్ వనేడియం ఉక్కుతో చేస్తారు. అందులో క్రోమియం సుమారు ఒక శాతం, వనేడియం అంతకన్న చాల తక్కువ పాళ్లలో ఉంటాయి. ఎర్రగా కాల్చి అచ్చులో మోది ఆకృతి ఇవ్వడం, ఆపైన తగిన వేడి చికిత్స చేయడం వలన ఆ ఉక్కుకు గట్టితనము, సాగుగుణము రెండూ సిద్ధిస్తాయి. గట్టితనం తక్కువైతే స్పానర్ నోరు తెరచుకొంటుంది. సాగుగుణం తక్కువైతే సాకెట్ పగులుతుంది.

పెట్టెపై క్రోమ్ వనేడియం అని ఉన్నంత మాత్రాన నమ్మరాదు. ఆ మాట, తయారీదారు గుర్తు, నంబరు ప్రతి ముక్కపైన చెరగకుండ చెక్కి ఉండాలి. అయస్కాంతంతో పరీక్షించడం వృథా. మామూలు ఇనుమూ, మంచి ఉక్కూ రెండూ దానికి అంటుకొంటాయి. దుకాణంలో చేయదగిన పరీక్షలు ఇవి:

1. జేబులో 6 మి.మీ., 8 మి.మీ. కొత్త బోల్టులను వెంట తీసుకొనిపోవాలి. సాకెట్‌ను తలకాయకు తొడిగి అటూ ఇటూ తిప్పి చూడాలి. ఎక్కువగా ఆడితే, బలం పెట్టినపుడు బోల్టు మూలలను అరగదీస్తుంది.

2. సాకెట్ లోపల ఆరు మూలలున్నాయా, పన్నెండు మూలలున్నాయా చూడాలి. పన్నెండు మూలలది ఇరుకు చోట తొడగడానికి సుళువు. కాని తుప్పు పట్టిన బోల్టును విప్పడానికి ఆరు మూలలదే క్షేమం.

3. రాట్చెట్‌ను చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా తిప్పాలి. శబ్దం సమంగా రావాలి, ఎక్కడా జారరాదు. 72 పళ్ల రాట్చెట్ 5 డిగ్రీలు కదిలితే చాలు తరువాతి పంటిని పట్టుకొంటుంది. 24 పళ్లదానికి 15 డిగ్రీల చోటు కావాలి. పళ్లు ఎక్కువైనంత మాత్రాన బలం ఎక్కువని భావించరాదు.

4. సాకెట్ గోడ మందం చుట్టూ సమానంగా ఉందా చూడాలి. రంధ్రం ఒక పక్కకు ఒరిగి ఉంటే పలుచని పక్క పగులుతుంది.

5. గాలితోగాని కరెంటుతోగాని నడిచే ఇంపాక్ట్ గన్‌కు మెరిసే సాకెట్లను తొడగరాదు. దానికి క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో చేసిన నల్లని ఇంపాక్ట్ సాకెట్లు వేరుగా ఉంటాయి. మెరిసేవి ఆ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగిరి కంటికి తగిలే ప్రమాదముంది.

ఈ పరీక్షల అవసరం నాకు స్వానుభవంతో తెలిసింది. కొన్నేండ్ల క్రితం నా స్కూటరు కోసం సంతలో ఒక చవక పెట్టె కొన్నాను. మొదటి ఆదివారమే 10 నంబరు సాకెట్ నిలువున చీలింది. చేయి జారి ఇంజను రెక్కలకు కొట్టుకొని వేళ్ల కణుపులు తెగాయి. బోల్టు తలకాయ గుండ్రంగా అరిగిపోయింది. దానిని వెల్డింగు పెట్టి తీయించడానికి అయిన ఖర్చు పెట్టె ధరలో సగం. నాది నా బండి గనుక సరిపోయింది. షెడ్డులో నిలిచేది పరుల బండి. అక్కడ అరిగేది బోల్టు ఒక్కటే కాదు, మెకానిక్ పేరు కూడ.

అయిదవ సూత్రం: ఒక్కటి పోతే ఒక్కటి దొరకాలి

షెడ్డులో మొదట కనబడకుండ పోయేది 10 నంబరే. అది విడిగా మన ఊరి దుకాణంలో దొరుకుతుందా? అదే గుర్తు పనిముట్లు విడిగా అమ్ముడయ్యేవైతే సెట్ విలువ తరుగదు. విడిగా దొరకని అనామక పెట్టెలో ముఖ్యమైన రెండు సాకెట్లు పోతే మిగిలినవి అలంకారమే. నాసిక్‌లో 1969 నుండి చేతి పనిముట్లు తయారుచేస్తున్న తపారియా వంటి సంస్థలవి, జలంధర్, లుధియానాల నుండి వచ్చే పేరున్న తయారీలవి చిన్న పట్టణాల్లో కూడ విడిగా దొరుకుతాయి. అయితే పేరున్న సరుకుకే నకిలీలు పుడతాయి గనుక బిల్లు ఇవ్వని చోట వాటిని కొనరాదు. వారంటీ ఉందన్నపుడు కూడ రెండు ప్రశ్నలు అడగాలి: విరిగిన ముక్కకు మారుముక్క ఇస్తారా? ఎక్కడికి పంపాలి, ఆ ఖర్చు ఎవరిది?

ఆరవ సూత్రం: కాగితం భద్రం

పెట్టెపై తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ముక్కల సంఖ్య, నెల, సంవత్సరం, ఎం.ఆర్.పి., ఫిర్యాదుకు ఫోన్ నంబరు, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో ఉండాలని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి. ఇవి లేని పెట్టె ఎంత చవకైనా ఖరీదైనదే. ఇంటర్నెట్ ద్వారా కొన్నపుడు పార్సిలు విప్పేటపుడే ఫోన్‌తో వీడియో తీసుకొనడం మంచిది.

మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి తెలుపవచ్చును. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం అమ్మకందారు ఏ ఊరివాడైనా మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. గడువు రెండు సంవత్సరాలు. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారన్న నియమం ఉన్నా, స్వయం ఉపాధితో జీవనం గడుపుకొనడానికే వస్తువును కొని వాడుకొనేవారిని చట్టం వినియోగదారులుగానే గుర్తిస్తుంది. షెడ్డు పెట్టుకొన్న యువకుడు ఈ సంగతి తెలిసి ఉండాలి.

సెట్ ఎవరికి లాభం?

సెట్ అంటేనే మోసమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇంట్లో కారు, బైకు రెండూ ఉండి నెలకొకసారి చిన్న పనులు చేసుకొనేవారికి, పనివారిని రకరకాల యంత్రాల వద్దకు పంపే రైతు కుటుంబానికి అన్ని నంబర్లు ఒక్క పెట్టెలో ఉండడం సౌకర్యం. పేరున్న సంస్థ పెట్టె, పనికివచ్చే ముక్కలను విడిగా కొంటే అయ్యే మొత్తంకన్న తక్కువకు దొరికితే నిస్సంకోచంగా కొనవచ్చును. రోజూ ఒకే రకం పని చేసే వృత్తిదారుకు మాత్రం ఎక్కువ సందర్భాల్లో విడి కొనుగోలే మేలు.

మా లెక్క ముగింపు ఇది. ఊరి హార్డ్‌వేర్ దుకాణదారు మా జాబితాకు విడి ధరలు వ్రాసి ఇచ్చారు: 6-7 నుండి 20-22 వరకు ఫిక్స్ స్పానర్లు 8, రింగు స్పానర్లు 8, టీ స్పానర్లు 4, ఎలెన్ కీలు 9, అర అంగుళం రాట్చెట్, సాకెట్లు 8, కటింగ్ ప్లేయర్, స్క్రూ డ్రైవర్లు 2, సుత్తి, ప్లగ్ స్పానర్. మొత్తం 43 పనిముట్లు, 5,300 రూపాయలు. ఒక్కింటికి సుమారు 123 రూపాయలు. ప్రకటనలోని పెట్టె లెక్కలో 117. ధరలో తేడా స్వల్పమే. కాని ఈ 43లో మూల కూర్చునేది ఒక్కటీ లేదు. షెడ్డు తెరవడానికి మరల కొనవలసినదీ లేదు.

ఆ రాత్రి తగ్గింపు గడువు ముగిసింది. మూడు రోజుల తరువాత అదే పెట్టె, అదే ధర, మరల "నేడు మాత్రమే" అని కనిపించిందని అతడు నవ్వుతూ చెప్పాడు. అప్పటికే 43 పనిముట్లు అతని షెడ్డు గోడకు మేకులపై వరుసగా వ్రేలాడుతున్నాయి. తల్లి ఇచ్చిన డబ్బులో 700 రూపాయలు మిగిలి ఉన్నాయి.