ఫలితం సిద్ధమైందా? అసమకాలిక ప్రోగ్రామింగ్‌లో ఒక ప్రశ్న పరిణామం

ఒక పనిని వేరే థ్రెడ్‌కో, మరో కంప్యూటర్‌కో అప్పగించినప్పుడు, రాబోయే ఫలితానికి మారుగా ప్రోగ్రాం చేతికి వెంటనే అందే వస్తువును ‘ఫ్యూచర్’ అనీ ‘ప్రామిస్’ అనీ అంటారు. ఫలితం వచ్చిందో లేదో ఆగకుండా అడిగి తెలుసుకునే వీలు ప్రోగ్రామర్‌కు ఉండాలా అన్న విషయంలో మాత్రం భాషల రూపకర్తలు ఏనాడూ ఒక్క మాట మీద లేరు.

1977లో బేకర్, హెవిట్ వివరించిన ఫ్యూచర్ భావనను 1985లో హాల్‌స్టెడ్ మల్టీలిస్ప్ భాషలో అమలు చేసినప్పుడు, విలువ అవసరమైన చోట ప్రోగ్రాం తనంతట తానే ఆగేది కనుక అడిగే పని సాధారణంగా పడలేదు. 1988లో లిస్కోవ్, శ్రీర ఆర్గస్ భాష కోసం రూపొందించిన ప్రామిస్‌లో ఫలితం కోసం ఆగే ‘క్లెయిమ్’తో పాటు, ఆగకుండా అడిగే ‘రెడీ’ కూడా ఉంది. ఒకసారి సిద్ధమైన ప్రామిస్ మళ్లీ వెనక్కి పోదు, దాని విలువ మారదు. అందువల్ల ‘అవును’ అన్న జవాబు శాశ్వత సత్యం కాగా, ‘లేదు’ అన్నది చేరేలోపే పాతబడవచ్చు. తర్వాతి చిక్కులెన్నో ఈ తేడా నుంచే పుట్టాయి.

2004 నాటి జావా 5లోని ‘ఈజ్‌డన్’ పని సఫలమైనా, విఫలమైనా, రద్దయినా ఒకే విధంగా ‘అవును’ అనేది. ఈ స్థితులను విడదీసి చెప్పే ‘స్టేట్’ 2022లో జావా 19తో గానీ రాలేదు. 2011 నాటి సీ ప్లస్ ప్లస్ ప్రమాణం సూటిగా అడిగే మార్గమే ఇవ్వకపోవడంతో, ‘వెయిట్ ఫర్’కు సున్నా వ్యవధి ఇచ్చి అడగడం వాడుకైంది. అయితే ఎవరైనా ఫలితం కోరేదాకా మొదలుకాని వాయిదా పనికి ‘డిఫర్డ్’ అన్న జవాబే వస్తుంది గనుక, ‘రెడీ’ కోసం లూపులో ఎదురుచూసే ప్రోగ్రాం ఎన్నటికీ బయటపడదు. ఇది ప్రమాణంలోని నిజమైన లోటే.

2015లో ప్రామిస్‌ను ప్రమాణంగా స్వీకరించిన జావాస్క్రిప్ట్ దానికి మూడు స్థితులు నిర్వచించినా, వాటిని నేరుగా చూసే పద్ధతి ఇవ్వలేదు. ఫలితం ముందే వచ్చి ఉన్నా ‘దెన్’కు ఇచ్చిన ఫంక్షన్ ప్రస్తుత కోడ్ ముగిశాకే నడుస్తుంది కాబట్టి, వేగాన్ని బట్టి ప్రోగ్రాం వరుస మారే ప్రమాదం తగ్గింది. స్థితిని నేరుగా చూడనిస్తే అదే ప్రమాదం మళ్లీ తలెత్తవచ్చు కనుక, ఆ పద్ధతి ఇవ్వకపోవడం సమంజసమే.

2019లో రస్ట్ 1.36తో స్థిరపడిన ఫ్యూచర్‌లో ‘పోల్’ అనే ప్రశ్నే పనిని ముందుకు నడిపిస్తుంది. ‘పెండింగ్’ అని బదులిచ్చిన ఫ్యూచర్, ముందుకు సాగే వీలు కలగగానే ‘వేకర్’ ద్వారా కబురు అందేలా ఏర్పాటు చేయాలి, కనుక మధ్యలో పదేపదే అడగవలసిన పని ఉండదు.