గిటారు వాల్వు ఆంప్లిఫయర్

గిటారు పికప్‌లో పుట్టే మిల్లీవోల్టుల సంకేతాన్ని వాక్యూమ్ వాల్వుల సాయంతో స్పీకరును కదిలించేంత బలంగా మార్చే పరికరం. తెలుగు ప్రాంతాల్లో దీని చరిత్ర రేడియో, మైకుసెట్ల చరిత్రతో కలిసిపోయి ఉంటుంది.

తొలి దశ: 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వును రూపొందించాడు. 1906లో లీ డి ఫారెస్ట్ మూడోదాన్ని చేర్చాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలూ ఇంజనీర్ల పట్టుదల ఒక్కటే, శబ్దం పెరగాలి గానీ చెడకూడదని. 1936లో ఆర్‌సీఏ సంస్థ 6ఎల్6 వాల్వును, 1947లో 12ఏఎక్స్7ను తెచ్చింది. ఐరోపాలో ఈ రెండో వాల్వు పేరు ఈసీసీ83.

రేడియో, మైకుసెట్ల కాలం: మద్రాసు ఆకాశవాణి 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. కోట, వాకాడు, చిట్టమూరు వైపు అప్పటి నెల్లూరు జిల్లా తీరానికి విజయవాడ కన్నా మద్రాసే దగ్గర. 1953 అక్టోబరు 1 దాకా ఆ జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. కరెంటు లేని చోట రేడియోలు బ్యాటరీ మీద నడిచేవి. డీకే96, డీఎల్96 వంటి వాల్వుల ఫిలమెంటుకు 1.4 వోల్టులు చాలు, ప్లేటుకు మాత్రం 90 వోల్టుల దిట్టమైన బ్యాటరీ కావాలి. తిరునాళ్లకు, పెళ్లిళ్లకు మైకుసెట్లు వచ్చాయి. ఢిల్లీలో 1940లో మొదలైన అహూజా సంస్థ పేరు ఈ రంగంలో బాగా వినిపించేది.

1954లో బెంగుళూరులో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఇది నిజంగా మేలి మలుపు. బెల్ ఈసీసీ83, ఈఎల్84 వాల్వులను ఈనాటికీ విదేశీ గిటారిస్టులు వెతికి కొంటారు. లండన్ గిటారిస్టులు మురిసిపోయిన వాక్స్ ఏసీ30 ఆంప్లిఫయర్‌లో ఉన్నవి నాలుగు ఈఎల్84లే, మన రేడియో మెకానిక్ సొరుగులో దొర్లినదీ అదే వాల్వు. ఆయనకు గిటారుతో పని పడలేదు, అంతే.

పాత సెట్టును పరీక్షించే మెకానిక్ దాన్ని నేరుగా 230 వోల్టులకు తగిలించడు. ముందు 100 వాట్ల బల్బును సిరీస్‌లో పెడతాడు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే లోపల షార్టు లేనట్టు. కాంతి తగ్గకుండా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు, చాలాసార్లు పాడై షార్టయిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్. ఆఫ్ చేశాక కూడా ఈ కండెన్సర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అందుకే ఒక రెసిస్టెన్స్ ద్వారా దాన్ని ఖాళీ చేశాకే చెయ్యి పెడతారు. గిటారు ఆంప్లిఫయర్ కట్టేవాడు నేర్వాల్సిన మొదటి పాఠమూ అదే.

చెడిన శబ్దానికి విలువ: 1951లో 'రాకెట్ 88' రికార్డులో ఆంప్లిఫయర్ స్పీకరు దెబ్బతిని గిటారు గరగరలాడింది, శ్రోతలకు అదే నచ్చింది. 1961 నాటి ఒక నాష్‌విల్ రికార్డులో స్టూడియో చానల్ చెడిపోయి వచ్చిన గరుకుదనం మరుసటి ఏడు మేస్ట్రో ఫజ్‌టోన్ పెడల్‌గా అమ్మకానికొచ్చింది. 1962లోనే లండన్ హాన్వెల్‌లో జిమ్ మార్షల్ దుకాణం ఫెండర్ బాస్‌మన్ ఆంప్లిఫయర్ సర్క్యూట్‌ను అనుసరించి జేటీఎం45ను తయారుచేసింది. మొదటి వాల్వుగా ఫెండర్ వాడిన 12ఏవై7 బదులు ఈసీసీ83 పెట్టడంతో అది త్వరగా గరగరలాడే శబ్దం ఇచ్చింది. అదే గరుకుదనం కోసం వచ్చిన పెడళ్లలో 1966 నాటి ఫజ్ ఫేస్ వాల్వులు లేకుండా జెర్మేనియం ట్రాన్సిస్టర్ల మీద, 1979 నాటి ట్యూబ్ స్క్రీమర్ జేఆర్‌సీ4558 చిప్ మీద నడిచాయి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ మాత్రం ఎలక్ట్రిక్ వాద్యాన్ని పట్టుకుని సరిగ్గా ఎదురు దారిలో, గమకం మసకబారని స్వచ్ఛమైన నాదం కోసం వెళ్లాడు.

భాగాల ఎంపిక: ఈసీసీ83 తొలి అంచెకు ప్లేటు వద్ద లక్ష ఓమ్‌లు, కేథోడ్ వద్ద 1,500 ఓమ్‌లు, 25 మైక్రోఫారడ్ల కండెన్సర్ అనేది వాడుకలో స్థిరపడిన కొలత. ఈ కండెన్సర్‌ను 0.68కి తగ్గిస్తే బేస్ పలచబడి గిటారు ముందుకొస్తుంది. రెండు ఈఎల్84ల పుష్‌పుల్‌కు ప్లేటు నుంచి ప్లేటుకు 8,000 ఓమ్‌ల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దాదాపు 15 వాట్లు రాబట్టవచ్చు. స్పీకరు తగిలించకుండా నడిపితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల సెట్టును ఇక్కడ వాడాలంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. పులికాట్ ఉప్పుగాలి తగిలే చిట్టమూరు లాంటి చోట్ల వాల్వు సాకెట్లు, జాకులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి సెరామిక్ సాకెట్లు, బంగారు పూత ఉన్న కాంటాక్టులు మేలు. పెన్సిల్‌తో వాల్వును తట్టినప్పుడు స్పీకరులో గంటలా మోగితే ఆ వాల్వు తొలి అంచెకు పనికిరాదు, వెనుక అంచెకు మార్చాలి.

సామాన్లకు చెన్నై రిచీ స్ట్రీట్, హైదరాబాద్ కోఠి పేరున్న చోట్లు. 1985లో కాలిపోయేదాకా మద్రాసులోని మూర్ మార్కెట్ పాత వస్తువుల అడ్డాగా ఉండేది. కొత్త వాల్వులు ఇప్పుడు స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్లను మాత్రం కొలతలిస్తే ఇక్కడే చుట్టిస్తారు.